డిశ్చార్జి కాని అసిరమ్మ

మా సంస్థకు చరిత్ర లేదన్న సంగతి, సంస్థ పెట్టిన నలభై తొమ్మిదేళ్ళ ఏడు నెలలకు ఢిల్లీ నుంచి వచ్చిన ఒక ఉత్తరం వల్ల తెలిసింది. అంతవరకూ ఎవరికీ ఆ లోటు కనబడలేదు. రోగులు వస్తున్నారు, చాలామంది నయమై వెళుతున్నారు, కుర్రకారు డాక్టర్లవుతున్నారు, క్యాంటీన్‌లో ఉప్మా ఉడుకుతోంది. చరిత్ర లేకుండా ఇవన్నీ ఎలా జరిగాయో తలుచుకుంటే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఉత్తరంలో రెండే వాక్యాలు. యాభై సంవత్సరములు పూర్తి చేసుకొనబోవు జాతీయ సంస్థలన్నియు తమ తమ చరిత్రలను సాక్ష్యాధార సహితముగా తొంభై దినములలోగా సమర్పించవలెను. సమర్పించని సంస్థలు సదరు కాలమునందు పనిచేయలేదని భావించబడును.

మాది జాతీయ వైద్య పరిశోధనా బోధనాలయం. అంత పేరు ఎవరికీ నోరు తిరగదు, కొండ మీద ఉంది కనుక చుట్టుపక్కల అందరూ కొండాసుపత్రి అంటారు. నేనక్కడ రికార్డుల విభాగం సూపరింటెండెంటుని, పేరు గంటేడ లింగరాజు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. సంస్థ పనిచేయలేదని ఢిల్లీ వాళ్ళు భావిస్తే, ఆ ఇరవై తొమ్మిదేళ్ళూ నేను ఎక్కడికి వెళ్ళి వస్తున్నట్టు అని మా ఇంట్లో అడుగుతారు. డైరెక్టరు డాక్టర్ ఉమామహేశ్వర పంతులు గారి ఇబ్బంది ఇంకా పెద్దది. ఆయన ఇక్కడే చదివి డాక్టరయ్యారు. సంస్థ లేకపోతే చదువు లేదు, చదువు లేకపోతే ఆయన డాక్టరు కాదు. మరి ఆయన చేసిన నాలుగువేల గుండె ఆపరేషన్లు ఎవరు చేసినట్టు?

ఆ మర్నాడే చరిత్ర రచనా సంఘం ఏర్పడింది. దానికి ప్రత్యేకాధికారిగా ప్రభాకరం గారు మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. అంతకుముందు ఆయన ఆ శాఖ చెరువుల చరిత్ర రాశారు. దానికి చేపల వైపు నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదని ఆయన సర్వీసు రిజిస్టరులో నమోదై ఉంది. నేను సంఘానికి సభ్య కార్యదర్శిని, అంటే టీలు చెప్పి మినిట్సు రాసేవాణ్ణి.

మొదటి సమావేశంలో ప్రతి విభాగమూ తామే ముందు పుట్టామంది. ఎముకల విభాగం వాళ్ళు ప్రారంభోత్సవం నాటికే తమ బోర్డు ఉందన్నారు. ఎక్స్‌రే విభాగం వాళ్ళు, కొండ మీదికి కరెంటు రావడానికి రెండేళ్ళ ముందు నుంచే ఎక్స్‌రేలు తీస్తున్నామని పన్నెండు పేజీల వ్యాసం పట్టుకొచ్చారు. ప్రభాకరం గారు అందరినీ చేత్తో ఆపారు.

"అయ్యా, మార్గదర్శకాల ప్రకారం ప్రతి వాక్యానికీ లిఖిత సాక్ష్యమైనా ఉండాలి, సజీవ సాక్ష్యమైనా ఉండాలి. భావోద్వేగాలు అనుబంధంలో వేసుకోవచ్చు. లింగరాజు గారూ, తొలినాటి రికార్డులు సమర్పించండి."

తొలినాటి రికార్డులు పాత భవనం కింది గదిలో ఉండేవి. ఒక తుఫాను వాటిని తడిపింది, మిగిలిన పని చెదలు చేశాయి. నాకు దక్కింది మొదటి అంతర్రోగుల రిజిస్టరు, అందులోనూ మొదటి కాగితం. దాన్ని పళ్ళెంలో పెట్టుకుని తీసుకెళ్ళాను, ఎందుకంటే చేత్తో పట్టుకుంటే పొడి రాలుతోంది. మొదటి వరుసలో ఇలా ఉంది: నెంబరు ఒకటి. పొట్నూరు అసిరమ్మ, భర్త సూరయ్య, వయసు పంతొమ్మిది, చింతలగెడ్డ గ్రామం. రోగం అన్న గడిలో సిరా మరక. విడుదల అన్న గడి ఖాళీ.

ప్రభాకరం గారు భూతద్దంతో చాలాసేపు చూశారు. "అమూల్యం," అన్నారు. "వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఉన్నది ఉన్నట్టు."

ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. మూడు వారాలకు ఒక సోమవారం, సర్జరీ విభాగం నుంచి డాక్టర్ బెహరా మృణాళిని నాకు ఫోన్ చేసింది. ఆమె అసిస్టెంటు ప్రొఫెసరు. మాట తక్కువ, చెయ్యి మంచిదని పేరు.

"లింగరాజు గారూ, మీ కంప్యూటర్ ఏదో గొడవ చేస్తోంది. ఒక పెద్దావిడని వార్డులో చేర్చుకుందామంటే, ఈవిడ ఇప్పటికే వార్డులో ఉంది, మళ్ళీ చేర్చడం కుదరదంటోంది. పద్దెనిమిది వేల నూట నలభై రోజుల నుంచీ ఉందట."

నేను పరుగెత్తాను. బల్ల మీద ఒక పెద్దావిడ కుడి డొక్క పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన నలభై ఎనిమిదేళ్ళ కూతురు, పేరు పైడితల్లి, చేతిలో జావ క్యారేజీ.

"మీది చింతలగెడ్డా అమ్మా? మీ ఆయన పేరు సూరయ్యా?"

"అవును బాబూ. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయనతో ఏటి పని?"

"ఆయనతో కాదు, మీతోనే. ఇదివరకు ఎప్పుడైనా ఈ ఆసుపత్రిలో చేరారా?"

"సేరడమేటి. పడుకోబెట్టినారు."

అసిరమ్మ అలా చెప్పింది తప్ప ఇంకేమీ చెప్పలేకపోయింది, నొప్పి వచ్చింది. మృణాళిని ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. స్కానింగ్ కాగితం నాకు చూపించింది. పిత్తాశయం నిండా రాళ్ళు. "వారంలోపు తీసేయాలి," అంది. "పెద్ద విషయం కాదు. చేర్చుకోవడమొక్కటే పెద్ద విషయంలా ఉంది."

నేను ఈ సంగతి డైరెక్టరు గారికి చెప్పాను. అంతకుమించి నేను చేసిన తప్పు లేదు. పావుగంటలో అసిరమ్మ చక్రాల కుర్చీలో కమిటీ హాలుకు వచ్చింది. పదకొండుమంది ప్రొఫెసర్లు లేచి నిలబడ్డారు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఎవరొస్తున్నారో అని.

"సజీవ సాక్ష్యం," అన్నారు ప్రభాకరం గారు. "అమ్మా, మీరు ఈ సంస్థ మొట్టమొదటి రోగి. ఆనాడు మీకు ఏ వ్యాధి సోకింది? చరిత్ర కోసం చెప్పండి."

"నాకేటీ నేదు బాబూ. నాను ఈ ఆసుపత్రి కడతన్నప్పుడు కంకర మోసీదాన్ని. ఆ పొద్దు ఎవరో మంత్రిగారు ఒస్తన్నారని హడావుడి. మంచాలున్నాయి, తెల్ల దుప్పట్లున్నాయి, డాక్టరుబాబులున్నారు. రోగులు నేరు. కొండకి బస్సు నేదు కదా అప్పటికి, రోగమున్నోళ్ళు ఎలగెక్కుతారు? ఒక కోటుబాబు ఒచ్చి, ఇదిగో నువ్వు రా, సుబ్బరంగా ఉన్నావు, అని నన్ను మంచం మీద పడుకోబెట్టేడు. మంత్రిగారొచ్చి నుదుటి మీద సెయ్యేసి, ఎలగుందమ్మా అన్నారు. బాగుందండీ అన్నాను. అందరూ సప్పట్లు కొట్టేరు."

డైరెక్టరు గారు ప్రభాకరం గారి వైపు తిరిగారు.

"మినిట్సులో ఎలా రాస్తారు, ప్రభాకరం గారూ?"

"రోగి వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదండి. రోగం సంగతి రోగికి తెలిస్తే ఇంతమంది డాక్టర్లెందుకు? ఆనాటి వ్యాధి ఏదో మెడికల్ బోర్డు నిర్ధారించాలి. వ్యాధి నిర్ధారణ కాకుండా విడుదల చేయలేం. పాత చేరిక నుంచి విడుదల చేయకుండా కొత్తగా చేర్చుకోలేం."

మృణాళిని తలుపు దగ్గర నిలబడి ఉంది. "సార్, ఆవిడకి ఇప్పుడు గాల్‌బ్లాడర్ నొప్పి."

"ఇప్పటిది వర్తమానం, డాక్టరుగారూ," అన్నారు ప్రభాకరం గారు ఓపికగా. "ఈ సంఘం పరిధి చరిత్ర వరకే."

మెడికల్ బోర్డు ఆ వారంలో నాలుగుసార్లు కూర్చుంది. ఏ విభాగానికి ఆ రోగం దక్కితే సంస్థ చరిత్ర ఆ విభాగంతో మొదలవుతుంది కనుక, అసిరమ్మకు ఆ నాలుగు రోజుల్లో చాలా రోగాలు వచ్చాయి. కంకర మోసింది కనుక వెన్నెముక అన్నారు ఎముకల వాళ్ళు. కంకర అంటే దుమ్ము, దుమ్మంటే ఊపిరితిత్తులు అన్నారు ఛాతీ వాళ్ళు. మంత్రిగారు నుదుటి మీదే ఎందుకు చెయ్యి వేశారు, జ్వరం అనుమానం ఉండబట్టి కాదూ అని జనరల్ మెడిసిన్ వాళ్ళు అడిగారు. మానసిక విభాగాధిపతి అందరినీ విని, కళ్ళజోడు తుడుచుకుని, "తనకే రోగమూ లేదని ఆమె గట్టిగా నమ్ముతోంది. యాభయ్యేళ్ళుగా అదే మాట. దీర్ఘకాలిక లక్షణం," అన్నారు. ఓట్లు సమానంగా వచ్చాయి. విషయం ఉపసంఘానికి వెళ్ళింది.

ఈలోగా సజీవ సాక్ష్యాన్ని ఎక్కడ ఉంచాలి అన్న ప్రశ్న వచ్చింది. మామూలు వార్డులో ఉంచితే చరిత్ర చెడిపోవచ్చు. అందుకని కింది అంతస్తులో దూది నిల్వ చేసే గది ఖాళీ చేయించి, అద్దాల తలుపు పెట్టించి, దానికి చరిత్ర గది అని పేరు పెట్టారు. తలుపు మీద ఒక పలక. ‘అంతర్రోగి సంఖ్య 1. సంస్థ స్థాపన నుండి నేటి వరకు నిరంతరాయముగా. దయచేసి తాకరాదు.’ బయట ఒక సెక్యూరిటీ గార్డుని కూర్చోబెట్టారు.

మొదటి సంవత్సరం విద్యార్థులను బృందాలుగా తీసుకొచ్చి చూపించేవారు. అసిరమ్మ మొదటి రోజు నమస్కారం పెట్టింది. రెండో రోజు గోడవైపు తిరిగి పడుకుంది. ముందు నుంచి చూస్తేనే చరిత్ర బాగా అర్థమవుతుందని ప్రభాకరం గారు మంచం తిప్పించారు.

మృణాళిని రోజూ వచ్చేది. ‘తాకరాదు’ అన్న పలక డాక్టర్లకు కూడా వర్తిస్తుందా అని గార్డుకి సందేహం వచ్చి పైకి రాశాడు. వర్తిస్తుందని జవాబొచ్చింది. అప్పటి నుంచి ఆమె గుమ్మంలో నిలబడి, "ఎక్కడ నొప్పి పెద్దమ్మా, వేలితో చూపించు," అని అడిగేది. నొప్పికి సూదిమందు రాస్తే ఆ చీటీ తిరిగొచ్చింది. ‘సాక్ష్యము యొక్క మౌలిక స్థితిని కాపాడు నిమిత్తము, స్థాపన సంవత్సరము నాటి ఔషధ జాబితాలోనివి మాత్రమే ఇవ్వవలెను.’ ఆ జాబితా ఎక్కడుందని ఆమె నన్ను అడిగింది. చెదలు తిన్నాయని చెప్పాను. నాకు తల ఎత్తి ఆమె మొహం చూడబుద్ధి కాలేదు.

ఆమె ఆపరేషన్‌కు అనుమతి కోరుతూ మూడు ఉత్తరాలు రాసింది. మూడోదాని మీద డైరెక్టరు గారు స్వయంగా రాశారు: ‘సదరు పిత్తాశయము సంస్థ ప్రారంభోత్సవమునకు హాజరై, నేటికీ యథాస్థానములో నిలిచియున్న అరుదైన అవయవము. తొలగింపు విషయమై పురాతన వస్తు పరిరక్షణ నిపుణుల అభిప్రాయము కోరవలెను.’ ఆ ఫైలు మీద పంతులు గారి చేతిరాత ముత్యాల్లా ఉంది. ఆయన మంచి డాక్టరన్న సంగతి నేను దాచను. నా తమ్ముడి గుండె ఆయన బాగుచేసిందే.

పైడితల్లి మాత్రం ఫైళ్ళు చదవదు. పదో రోజున ప్రభాకరం గారిని వరండాలో పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను.

"మా యమ్మని తీసుకుపోతాను బాబూ. కింద టౌన్లో పెద్దాసుపత్రి ఉంది. అక్కడ కోయించుకుంటాం."

"అలా కుదరదు తల్లీ. చరిత్ర విడుదలయ్యేదాకా సాక్ష్యం ఆవరణ దాటకూడదు."

"పోనీ మీరే ఆ రాళ్ళు తీసియ్యండి. అడ్డేటి?"

"రాళ్ళు ఏ సంవత్సరానివో తేలాలి. కొన్ని స్థాపన కాలం నాటివి కావచ్చు. అప్పుడవి సంస్థ ఆస్తి."

పైడితల్లి ఆయన వైపు తేరిపార చూసింది. "మా యమ్మ కడుపులో రాళ్ళు మీవా?"

"కావనడానికి ఆధారం లేదు కదమ్మా," అన్నారు ప్రభాకరం గారు సౌమ్యంగా. ఆయన ఎవరిమీదా గొంతు పెంచే మనిషి కాదు.

ఆమె చేతిలో జావ క్యారేజీ వైపు, ఆయన తల వైపు మార్చి మార్చి చూసింది. తరవాత ఏమనుకుందో, గోడ వారన కూలబడి ఏడ్చింది. ప్రభాకరం గారు నన్ను పిలిచి, చరిత్ర గది పరిసరాల్లో విషాద వాతావరణం ఉండకూడదని నోట్ పెట్టమన్నారు. పెట్టాను. ఇది కూడా నేను దాచను.

పన్నెండో రోజు పొద్దున్న అసిరమ్మకు జ్వరం వచ్చింది. పదకొండు గంటలకల్లా వణుకు. మృణాళిని అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి పొట్ట మీద చెయ్యి వేసింది, గార్డు వద్దంటున్నా. అక్కడి నుంచి తిన్నగా నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"లోపల చీము పట్టింది. ఇవాళ తియ్యకపోతే పగులుతుంది. ఆవిడ వయసుకి పగిలితే తట్టుకోలేదు. థియేటర్ ఖాళీగా ఉంది, మత్తు డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. కేస్ షీటు పుట్టకపోతే థియేటర్‌లో ఎవరూ కదలరు. కంప్యూటర్ ఒప్పుకోదు. డైరెక్టరు గారు సాయంత్రం నాలుగింటికి ఉపసంఘం పెట్టారు."

"నన్నేం చెయ్యమంటారమ్మా?"

"నాకు తెలీదు లింగరాజు గారూ. రిజిస్టరు మీ దగ్గరుంది. అందుకని వచ్చాను."

ఆమె వెళ్ళిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరూ రాయమనని ముక్క నేనొక్కటీ రాయలేదు. అల్మరా తీసి సంస్థ నియమావళి బయటపెట్టాను. విడుదల అన్న గడిలో ఐదు రకాలు రాయవచ్చు. నయమై, మెరుగై, వేరే ఆసుపత్రికి, చెప్పకుండా వెళ్ళి, మరణించి. నాలుగోదాని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇరవై నాలుగు గంటలు మంచం మీద కనబడని రోగి, చెప్పకుండా వెళ్ళినట్టు రికార్డుల సూపరింటెండెంటు విచారించి, స్వయంగా నమోదు చేయవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంస్థలో నాకున్న ఏకైక అధికారం అది. అప్పటివరకూ వాడే అవసరం రాలేదు.

విచారించి అని ఉంది కనుక విచారించడానికి వెళ్ళాను. అసిరమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పైడితల్లి తడిగుడ్డ నుదుటి మీద వేస్తోంది.

"అమ్మా, ఒక్కమాట. ఆ రోజు మంత్రిగారు చెయ్యేశారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఏమైంది?"

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. "ఆ తర్వాత సంగతి ఇన్నాళ్ళూ ఎవుళూ అడగనేదు బాబూ."

"నేను అడుగుతున్నాను."

"ఏటవుతాది. కారు కొండ దిగిపోనాది. కోటుబాబులు బోయినాలకి ఎల్లిపోనారు. కింద నుంచి మేస్త్రి కేకేసినాడు, ఒసే అసిరీ, పడుకున్నావేటే అని. లేసి ఎల్లి కంకర మోసుకున్నాను."

"ఎవరికైనా చెప్పి వెళ్ళారా?"

"ఎవుళికి సెప్పాల? గదిలో ఎవుళూ నేరు."

గదికి తిరిగి వచ్చి, పళ్ళెంలో ఉన్న కాగితం ముందుకు లాక్కున్నాను. విడుదల గడిలో రాశాను: ‘చేరిన దినముననే, మధ్యాహ్నము, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయినారు. విచారించితిని.’ సంతకం పెట్టి కింద ఆ రోజు తేదీ వేశాను. కంప్యూటర్‌లోనూ ఎక్కించాను. పద్దెనిమిది వేల నూట యాభై చిల్లర రోజులు ఒక్క మీట నొక్కితే పోయాయి. కాగితం మీద సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను. భయంగానే ఉంది కానీ, మెడ దగ్గర ఎప్పుడూ ఉండే పట్టు లేదు.

కాగితం పళ్ళెంతో సహా పట్టుకుని వెళితే, చరిత్ర గది దగ్గర గార్డు లేచి అడ్డం నిలబడ్డాడు. "ఒకటో నెంబరు రోగిని బయటికి పంపకూడదని ఆర్డరండి."

"ఒకటో నెంబరు రోగి ఈ ఆసుపత్రిలో లేదు. యాభయ్యేళ్ళ కిందటే వెళ్ళిపోయింది. ఇదిగో చూడు."

అతను కాగితం రెండుసార్లు చదివాడు. "మరి లోపల పడుకున్నది ఎవరండీ?"

"ఎవరో పెద్దావిడ. ఏ కాగితమూ లేకుండా చరిత్ర గదిలో ఉంది."

గార్డు టోపీ సర్దుకున్నాడు. అనధికారంగా ఎవరైనా గదుల్లో ఉంటే వెంటనే ఖాళీ చేయించాలని అతనికి వేరే ఆర్డరుంది. చక్రాల కుర్చీ అతనే తెచ్చాడు. అతనే తోసుకుంటూ, దారిలో అందరినీ తప్పుకోమంటూ, అసిరమ్మను క్యాజువాలిటీకి చేర్చాడు. పన్నెండూ పదికి ఆమె మామూలు రోగిగా, మామూలు నెంబరుతో చేరింది. పన్నెండున్నరకు థియేటర్‌లో ఉంది. రెండున్నర గంటలు పట్టింది. మృణాళిని బయటికి వచ్చి పైడితల్లి భుజం మీద చెయ్యి వేసి, "బాగుంది," అని ఒక్కమాట చెప్పి, అక్కడే బెంచీ మీద కూర్చుని మాస్కు తీసింది.

నాలుగింటికి ఉపసంఘం సమావేశమై, సాక్ష్యం కనబడక, నన్ను పిలిచింది. సంస్థ మొట్టమొదటి రోగి ఆసుపత్రి తెరిచిన రోజే పారిపోయిందని లిఖితపూర్వకంగా నమోదైందని తెలిశాక డైరెక్టరు గారు మంచినీళ్ళు అడిగారు. నాకు మెమో ఇచ్చారు. ‘చారిత్రక పత్రమునందు అనుచిత జోక్యము.’ విచారణాధికారి ప్రభాకరం గారే.

విచారణ ఎనిమిదో రోజున పెట్టారు. అసిరమ్మకు కుట్లు ఇంకా విప్పలేదు. అయినా సాక్షిగా వస్తానని పట్టుబట్టింది. మృణాళిని కుర్చీ తోసుకొచ్చింది. డైరెక్టరు గారు మధ్య కుర్చీలో కూర్చున్నారు.

"యాభై సంవత్సరాల కిందటి సంఘటనకు మీరు ఈ నెలలో సంతకం చేశారు," అన్నారు ప్రభాకరం గారు. "దీనికేమంటారు?"

"అప్పుడు ఎవరూ చెయ్యలేదు కనుక చేశానండి."

"ఆమె ఆ రోజు వెళ్ళిపోయిందనడానికి సాక్ష్యమేది? రోగి వాంగ్మూలం చెల్లదని ఇదివరకే తీర్మానించాం."

"ఆ మధ్యాహ్నం నుంచి ఆవిడ రోగి కాదండి. కంకర మోసే మనిషి. కంకర మోసేవాళ్ళ వాంగ్మూలం చెల్లదని తీర్మానం లేదు."

ప్రభాకరం గారు ఫైలు తిరగేశారు. నిజంగానే లేదు. ఆయన నిజాయితీపరుడు, ఒప్పుకున్నారు. "అయితే చెప్పండమ్మా. మీరు ఆ మంచం దిగి వెళ్ళిపోయారని మాకెలా తెలుస్తుంది?"

అసిరమ్మ హాలంతా చూసింది. నెమ్మదిగా మాట్లాడింది, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ.

"బాబూ, ఆ పొద్దుకి ఈ మేడకి గోడలు మొలలోతుకి లేసినాయి. శ్లాబు నేదు. మీరు కూకున్న ఈ హాలు నేదు. ఒకటే గది, మంత్రిగారికి సూపించడానికి సున్నమేసినారు. మిగిలిందంతా ఆ తర్వాత రెండేళ్ళు నానూ, మా ఆయనా, ఇంకా నలభైమంది మోసినాం. పైడితల్లి కడుపులో ఉన్నప్పుడూ మోసినాను. నాను మంచం మీదే పడుకునుంటే, మీ అందరికీ కూకోడానికి ఈ మేడ ఎక్కడిది?"

ఒక ప్రొఫెసరు గారు తన కుర్చీ కాళ్ళ వైపు చూసుకున్నారు. డైరెక్టరు గారు మాత్రం అసిరమ్మనే చూస్తున్నారు. చాలాసేపు చూసి, లేచి వచ్చి, ఆమె కుర్చీ పక్కన వంగారు. మణికట్టు పట్టుకుని నాడి చూశారు.

"ఇప్పుడు నొప్పి ఉందా అమ్మా?"

"నేదు బాబూ. కుట్ల కాడ కొంచెం సురుక్కుమంటాది."

"తగ్గుతుంది," అన్నారాయన. మళ్ళీ తన కుర్చీలోకి వెళ్ళలేదు. కిటికీ దగ్గర నిలబడ్డారు. ఇన్ని రోజుల్లో ఆమెను ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదలు. ఇది మినిట్సులో రాయలేదు, ఎవరూ రాయమనలేదు.

నా మీద చర్య మందలింపుతో ముగిసింది. ఇకమీదట చరిత్రలో జోక్యం చేసుకోనని రాసి ఇచ్చాను. చరిత్ర గడువులోపలే ఢిల్లీకి వెళ్ళింది. మొదటి అధ్యాయం ప్రభాకరం గారు రెండు రాత్రులు కష్టపడి మార్చారు. అందులో ఇలా ఉంది: ‘ఈ సంస్థ ఆవరణ ప్రభావము ఎట్టిదనగా, తొలి రోగి వ్యాధి నిర్ధారణకైనను వేచియుండక, చేరిన దినముననే సంపూర్ణ ఆరోగ్యముతో స్వయముగా లేచి విధులకు హాజరైనది.’ ఢిల్లీ వాళ్ళు మెచ్చుకున్నారు. తక్కిన జాతీయ సంస్థలు కూడా రోగులను అదే రోజున పనికి పంపే అవకాశాలు పరిశీలించాలని సర్క్యులర్ వేశారు. ప్రభాకరం గారు ఓడరేవుల చరిత్ర రాయడానికి వెళ్ళారు.

అసిరమ్మ డిశ్చార్జి రోజు కాగితాలు నా బల్ల దగ్గరికే వచ్చాయి. పైడితల్లి బస్సు వేళ కనుక్కోవడానికి కిందికి వెళ్ళింది. అసిరమ్మ కుర్చీ వద్దని నిలబడే ఉంది, బల్ల అంచు పట్టుకుని.

"నా గురించి ఏటి రాస్తన్నావు బాబూ?"

"నయమై వెళ్ళారని రాస్తానమ్మా. దానికి గడి ఉంది."

"ఎలగెల్లినానో రాయవా?"

"ఎలా వెళ్ళారంటే?"

"ఇదిగో, సూడు." బల్ల మీద నుంచి చెయ్యి తీసేసింది. ఒక్క క్షణం ఊగింది. నేను లేవబోతే వద్దని తల ఊపింది. వరండాలోకి నాలుగడుగులు వేసి, ఆగి, గోడ తాకి, మళ్ళీ నడిచింది. మలుపు దగ్గర మృణాళిని ఎదురొచ్చి పక్కకి తప్పుకుని నిలబడింది, పట్టుకోవడానికి చెయ్యి చాపలేదు. అసిరమ్మ ఆమెను దాటుకుని మెట్ల దాకా వెళ్ళింది.

రిజిస్టరులో దానికి గడి లేదు. గీత పక్కన ఖాళీ ఉంటే అక్కడ రాశాను: నడిచి వెళ్ళారు.